పాలిథిన్ సంచి: రైతు చెల్లించుచున్న వెల

సంతకు పోవు రైతు చేసంచియో, గోనెపట్టాయో, వెదురుబుట్టయో వెంట లేక యిల్లు కదలుట పూర్వము మన గ్రామములలో అరుదు. నూనెకు సీసా, పాలకు చెంబు, బెల్లమునకు తాటాకు బుట్ట, పూలకు అరటియాకు. ఏ సరుకునకు తగిన సాధనము ఆ సరుకునకు ఉండెడిది. నేడు రైతు వట్టిచేతులతో అంగడికి పోవుచున్నాడు. తిరిగి వచ్చునప్పుడు అయిదారు పలుచని పాలిథిన్ సంచులు వ్రేళ్లకు వ్రేలాడుచుండును. మన వాడుకలో వీనినే కవర్లు అనుచున్నాము. అంగడివాడు తరచుగ వీనికి వేరుగ వెల అడుగడు. కావున ఇవి ఉచితముగ వచ్చినవని తలచుచున్నాము.

సభ్యులు ఈ తలపును ఒకసారి పరీక్షింపవలయునని మా కోరిక. ఆ సంచికి వెల కలదు. అందు పెద్దభాగమును మన పశువులును, పొలములును, కాలువలును చెల్లించుచున్నవి. ఆ వెలను తప్పించుకొను ఉపాయము ఒక్కొక్కరి చేతిలో కంటె సంఘము చేతిలో ఎక్కువగ నున్నది.

ఈ సంచి పుట్టుక

పాలిథిన్ అను పదార్థము 1933వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని నార్త్‌విచ్ పట్టణమున, ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ వారి పరిశోధనశాలలో అనుకొనకుండ పుట్టినది. ఎథిలీన్ అను వాయువును అత్యధికమైన ఒత్తిడితో వేడిచేయగా మైనమువంటి తెల్లని పదార్థము మిగిలినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దీనిని విద్యుత్తు తీగెలకు తొడుగుగ వాడిరి. తరువాత 1960 ప్రాంతమున స్వీడను దేశములో సెల్లోప్లాస్ట్ అను కంపెనీకి చెందిన స్టెన్ గుస్తాఫ్ తూలిన్ అను ఆయన, పిడులతో కూడిన నేటి సంచి ఆకారమును కల్పించెను. 1965లో అమెరికాలో దానికి పేటెంటు లభించినది. కొలది దశాబ్దములలో అది భూగోళమంతయు వ్యాపించినది.

దీని గుణములను కాదనరాదు. తేలిక, చవుక, నీటికి నానదు, చెదలు పట్టవు. అయితే చేతిలో నున్నంతవరకు గుణములైనవే చేయి విడిచిన పిదప దోషములగుచున్నవి. తేలిక కనుక గాలికి ఎగిరి పొలమున పడును. నానదు కనుక కుళ్లదు. చెదలు ముట్టవు కనుక మట్టిలో కలియదు. ఎండకు పెళుసుబారి ముక్కలగునే గాని నశింపదు. ఆ ముక్కలు నానాటికి చిన్నవై కంటికి కానరాకుండ మట్టిలోను నీటిలోను నిలిచియుండును. పది నిమిషముల పనికి వచ్చిన వస్తువు మన మనుమల కాలమునకు కూడ భూమిలో మిగులునన్నమాట.

పశువుల కడుపులో

రైతునకు మొదట తగులు నష్టము పశువులవలన. మేక పెదవులతో ఏరుకొని తినును. ఆవు, ఎద్దు, గేదె అట్లు ఏరలేవు. నాలుకతో చుట్టి మేతను నోటిలోనికి లాగుకొని, అంతగా నమలకయే మ్రింగి, పిదప తీరికగ నెమరు వేయును. ఇంటిలో మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కులను కవరులో వేసి ముడి కట్టి వీధిలో పారవేసినచో, ఉప్పు వాసనకు, అన్నపు వాసనకు వచ్చిన పశువు ఆ ముడిని విప్పలేదు. కవరుతో సహా మ్రింగును.

పశువు కడుపున నాలుగు అరలు కలవు. మొదటి పెద్ద అరలో చేరిన కవరు జీర్ణము కాదు. ముందునకు సాగి పేడతో వెలువడుటకును వీలు లేదు. ఒకదానిపై నొకటి చేరి, తాళ్లతో పీచుతో పెనవేసికొని, తుదకు గట్టి ఉండయగును. ఉండ పెరిగిన కొలది మేతకు చోటు తగ్గును. పశువు తిన్నట్లే కనబడును గాని చిక్కిపోవును, నెమరు మందగించును, పాలు తగ్గును, కడుపు ఉబ్బును. కవరులో చుట్టి పారవేసిన మేకులు, తీగెముక్కలు రెండవ అరలో గ్రుచ్చుకొని గుండె వరకు పోవుటయు కలదు. ఈ ఉండను కరగించు మందు లేదు. ఎడమ డొక్కను కోసి, కడుపు తెరచి చేతితో తీయవలసినదే. ఆ శస్త్రచికిత్సకు వ్యయమగును, పశువు కోలుకొనుటకు దినములు పట్టును, అన్ని చోట్ల ఆ వసతియు ఉండదు.

ఇది దూరదేశపు సంగతి కాదు. మన పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థవారు వీధిపశువుల కడుపులనుండి కిలోలకొలది ప్లాస్టిక్కును వెలికితీసి, ఆ దుస్థితిని లోకమునకు చూపిరి. 2012లో ఈ విషయమై భారత సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. దేశమంతట చర్చ రేగుటకు అది యొక ముఖ్యకారణము. పాడిపశువునకు వేలకువేలు పోసి కొని, దాణాకు అప్పు చేసి, వెల లేని కవరుచేత దానిని పోగొట్టుకొనుట ఎంతటి నష్టమో సభ్యులే లెక్కింపగలరు.

పొలమున, కాలువలో

ఇండ్లలోని చెత్త దిబ్బకు చేరును. దిబ్బ ఎరువు పొలమునకు చేరును. ఎరువుతో పాటు కవరుముక్కలును చేరును. నేలలో పొరవలె పరచుకొన్న పాలిథిన్ ముక్క క్రిందికి నీరు దిగదు, వేరు సాగదు, దానిక్రింద పడిన విత్తనము పైకి రాదు. దుక్కి దున్నునప్పుడు నాగటి కర్రునకును, ట్రాక్టరు గొర్రునకును చుట్టుకొనును. ఏటేట కొంచెముగ చేరుటవలన ఈ నష్టము ఒక్క పంటలో కానరాదు. కానరానంతకాలము పెరుగుచునే యుండును.

కాలువల సంగతి ఇంకను స్పష్టము. తూము నోటికి పది కవర్లు అడ్డుపడిన చాలును, చివరి మడికి నీరు అందదు. వానకాలమున మురుగుకాలువ మూసికొనినచో, చేలోని నీరు చేలోనే నిలిచి పైరు కుళ్లును. 2005 జూలై 26న బొంబాయిలో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసి నగరము మునిగినప్పుడు, మురుగుకాలువలలో ప్లాస్టిక్ సంచులు అడ్డుపడుటయు ఆ ముంపునకు ఒక కారణమని గుర్తించిరి. మన పంటబోదెలు బొంబాయి కాలువలకంటె సన్ననివి. అడ్డుపడుటకు తక్కువ కవర్లు చాలును.

కొందరు దీనికి విరుగుడుగ కవర్లను కుప్పచేసి తగులబెట్టుచున్నారు. ఇది హానికి మరియొక రూపము. సరిగ కాలని పాలిథిన్ పొగలో మసియు, బొగ్గుపులుసు కంటె ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు వాయువును ఉండును. కుప్పలో పీవీసీ గొట్టపుముక్కలు, రెగ్జిను గుడ్డలు కలిసినచో డయాక్సిన్లు అను మిక్కిలి విషపదార్థములు పుట్టును. అవి గాలినుండి గడ్డిపై వాలి, గడ్డినుండి పాలలోనికి చేరగలవు.

మరల కరగించి వాడరాదా?

ప్లాస్టిక్కును కరగించి మరల వస్తువులు చేయుచున్నారు గదా, ఇంక భయమేల యని కొందరడుగుదురు. మంచి ప్రశ్నయే. పాత పాలిథిన్‌ను రకముల వారీగ వేరుచేసి, ముక్కలుగ కోసి, కడిగి, ఆరబెట్టి, కరగించి, సన్నని గింజలుగ చేయుదురు. ఆ గింజలనుండి గొట్టములు, బకెట్లు, టార్పాలిన్ పట్టాలు మొదలగునవి వచ్చును. పని సాధ్యమే. అయితే అందుకు మూడు షరతులు కలవు: సరుకు శుభ్రముగ నుండవలయును, రకములు కలియరాదు, బరువు తగినంత యుండవలయును. పలుచని కవరు ఈ మూడింటను ఓడిపోవును.

బరువు సంగతి లెక్కవేసి చూతము. 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు గల సంచిని తీసికొందము. మందమును మైక్రానులలో చెప్పుదురు. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. తలవెండ్రుక మందము సాధారణముగ 50 మొదలు 100 మైక్రానులు. సంచి 20 మైక్రానుల మందము గలదైనచో దాని బరువు సుమారు నాలుగున్నర గ్రాములు. కిలోకు సుమారు 225 సంచులు. అదే 120 మైక్రానులదైనచో బరువు సుమారు 26 గ్రాములు. కిలోకు 38 సంచులు. చెత్త ఏరుకొని బ్రతుకు పేదవాడు కిలో సరుకునకు 225 మారులు వంగవలసినచో వంగునా? అతడు సీసాలను, పాలకవర్లను ఏరుకొనును. పలుచని కవరును విడిచిపెట్టును. అది తుమ్మకొమ్మకు, పొలముగట్టునకు, పశువు కడుపునకు మిగులును.

పలుచని కవర్లకు మంచి ఉపయోగమును చూపినవారు లేకపోలేదు. మధురలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్‌గారు, ముక్కలుగ కోసిన ప్లాస్టిక్కును కాగిన కంకరపై చల్లి, అది కరగి రాళ్లకు పూతవలె పట్టిన పిదప తారు కలిపి రోడ్లు వేయు పద్ధతిని కనుగొనిరి. భారత ప్రభుత్వము 2018లో ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. ఒక వరుస దారి కిలోమీటరు వేయుటకు సుమారు ఒక టన్ను ప్లాస్టిక్కు పట్టును. పైని లెక్క ప్రకారము అది రెండు లక్షలకు పైబడిన పలుచని కవర్లు. పద్ధతి మేలైనదే, ఆ రెండు లక్షల కవర్లను ఏరి, దులిపి, ఆరబెట్టి అందించువారెవరన్నదే చిక్కు. కావున పలుచని కవరు విషయమున మొదటి మందు దానిని ఇంటికి తేకుండుటయే. కరగించుట రెండవ మందు.

చట్టము చెప్పునది

ప్లాస్టిక్ వ్యర్థముల నిర్వహణకై కేంద్రప్రభుత్వము 2016లో చేసిన నిబంధనలు పట్టణములకే గాక గ్రామపంచాయతీలకును వర్తించును. అప్పుడు సంచి మందము కనీసము 50 మైక్రానులని విధించిరి. 2021 సెప్టెంబరు 30 నుండి దానిని 75కును, 2022 డిసెంబరు 31 నుండి 120కును పెంచిరి. ఈ అంకెల వెనుక నున్న యుక్తి పైని లెక్కలోనే కలదు. మందము పెరిగినచో వెల పెరుగును, అంగడివాడు ఊరక ఈయడు. కొన్నవాడు పదిసార్లు వాడును. పారవేసినను బరువు కలదు కనుక ఏరువాడు ఏరును. సంచిపై తయారుచేసినవారి పేరు, రిజిస్ట్రేషను సంఖ్య, మందము ముద్రింపబడి యుండవలయును. ఏ ముద్రయు లేని పలుచని కవరు చట్టవిరుద్ధమని సభ్యులు గుర్తించునది.

2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, పీల్చు గొట్టములు మొదలగునవి కూడ నిషేధింపబడినవి. పెండ్లి భోజనములకు అరటియాకు, అడ్డాకు, మోదుగాకు విస్తళ్లు మనకు కొత్తవి కావు.

ఇంకొక జాగ్రత్త. గుడ్డసంచివలె కనబడు రంగురంగుల సంచులు కొన్ని నేడు అంగళ్లలో ఇచ్చుచున్నారు. వానిలో అనేకము నూలుగుడ్డ కాదు. పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కును అదిమి చేసినవి. అంచున గోరుతో లాగి చూచిన నూలుగుడ్డనుండి పోగు వచ్చును; దీనినుండి నేత పోగు రాదు. చదరపు మీటరునకు 60 గ్రాములకంటె తక్కువ బరువు గల ఇట్టి సంచులను 2021 సెప్టెంబరు 30 నుండి నిబంధనలు ఒప్పుకొనవు.

ఇతర దేశముల అనుభవము

బంగ్లాదేశమున 1988, 1998 సంవత్సరములలో వచ్చిన వరదలలో కవర్లు మురుగుకాలువలను మూసి ముంపును పెంచినవని తెలిసికొని, 2002లో ఆ ప్రభుత్వము పలుచని సంచులను నిషేధించినది. దేశమంతట ఇట్లు నిషేధించుటలో ప్రపంచమున అదియే మొదటిది. అయినను తనిఖీ సడలుటవలనను, చవుకైన ప్రత్యామ్నాయము అంగళ్లకు చాలినంతగ చేరకపోవుటవలనను సంచులు మరల వచ్చినవి. 2024లో ఆ నిషేధమును తిరిగి అమలునకు తేవలసి వచ్చినది. జనుమునకు పుట్టినిల్లయిన దేశమునకే ఈ గతి పట్టినది.

ఐర్లండు దేశము వేరుమార్గము త్రొక్కినది. 2002 మార్చిలో ప్రతి ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను విధించి, దానిని కొనువాడే ఇచ్చుకొనవలయునని శాసించినది. అంతకు పూర్వము ఏటా మనిషికి సుమారు 328 సంచులు వాడుచుండగా, పిదప ఆ సంఖ్య 21కి దిగినది. సంచి ఉచితము కాదని తెలిసిన క్షణముననే జనులు ఇంటినుండి సంచి తెచ్చుకొనుట నేర్చిరి. ఈ రెండు ఉదాహరణములనుండి మనము గ్రహింపవలసినది, వెల కనబడవలయును, దానితో పాటు బదులుసంచి చేతికి అందవలయును.

సంఘము చేయదగిన పని

అయిదువందల కుటుంబములు గల సంఘమును తీసికొందము. ఇంటికి వారమునకు నాలుగు కవర్లు వచ్చుననుకొన్నను, వారమునకు 2,000; ఏడాదికి ఒక లక్షకు పైమాట. నాలుగున్నర గ్రాముల చొప్పున అది సుమారు 470 కిలోల ప్లాస్టిక్కు. ఒక్కొక్క ఇంట చూచిన అది కంటికి ఆనని చెత్త. సంఘముగ చూచిన బండెడు సరుకు. ఒక్కనికి అసాధ్యమైన పని పదిమందికి సులువగుట సహకారము యొక్క మూలసూత్రమే గదా. కావున ఈ క్రింది పనులను సభ్యులు ఆలోచింపగోరుచున్నాము.

1. సంఘము వారి దుకాణమున్నచోట పలుచని కవర్లను ఈయకుండుట. బదులుగ గట్టి నూలుసంచులు, గోనెసంచులు ఉంచి, సోడాసీసాకు వలె కొంత సొమ్ము నిలువ పెట్టుకొని సంచినిచ్చి, తిరిగి తెచ్చినప్పుడు ఆ సొమ్ము వాపసు ఈయవచ్చును. సంచి మరచి వచ్చినవానికిని ఇబ్బంది లేదు, సంఘమునకును నష్టము లేదు.

2. సంచులను గ్రామములోని కుట్టుపని తెలిసిన స్త్రీలచేత, పొదుపు సంఘముల ద్వారా కుట్టించుట. పాతపంచెలు, చీరెలు, దుప్పట్లు ఇందుకు చాలును. కొత్తనూలు సంచియు నీటిని, ఎరువును, విద్యుత్తును ఖర్చుచేసి పుట్టినదే. దానిని ఏండ్లతరబడి వాడిననే మేలు. పాతగుడ్డ సంచికి ఆ ఖర్చును లేదు. కొత్తవి కొనవలసినచో ఆ సొమ్ము పత్తి పండించు రైతునకును, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల గోగునార రైతునకును కొంతయైన చేరును.

3. యూరియా సంచి, దాణా సంచి మొదలగు నేతసంచులను ఎండలో పారవేయక, ఉతికి, మడచి, మరల వాడుట. ఎండకు అవి నూగువలె రాలి పొలములో కలియును. పురుగుమందు డబ్బాలను, సీసాలను మాత్రము ఎంత కడిగినను ఇంటి అవసరములకు వాడరాదు. ముమ్మారు కడిగి, ఆ నీటిని మందుతొట్టిలోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి వేరుగ నుంచవలయును.

4. ఇంటింట శుభ్రమైన ప్లాస్టిక్కును పొడిగ కూర్చి, నెలకొకసారి సంఘపు గిడ్డంగికి చేర్చుట. పాలకవర్లు ఒక గోతాములో, నేతసంచులు ఒక దానిలో, సీసాలు ఒక దానిలో ఉండవలయును. పాలకవరు మూలను పూర్తిగ కోసి పారవేయక, చిన్నచీలికగ కోసి దానికే అంటియుండునట్లు చేసిన ఆ ముక్కయు పోదు. తగినంత చేరిన పిదప వర్తకునకు తూకముపై అమ్మి, ఆ సొమ్మును లెక్కలలో ప్రత్యేకపు పద్దుగ వ్రాయవచ్చును. ఇందు గొప్ప ఆదాయమును ఆశింపరాదు. ఇంటికొక్కరు తెచ్చిన పిడికెడు కవర్లకు వెల లేదు, గోతామునకు కలదు, అంతే. అమ్ముడుపోని పలుచని కవర్లను పంచాయతీ చెత్తకేంద్రమునకు అప్పగింపవలయును. 2020లో ఆరంభమైన స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండవ దశలో బ్లాకునకు ఒక ప్లాస్టిక్ వ్యర్థ నిర్వహణ కేంద్రమును ఏర్పరచుటకు కేంద్రప్రభుత్వము సహాయము కేటాయించినది. సంఘ కార్యదర్శులు మండల కార్యాలయమున విచారింపవచ్చును.

5. అన్నింటికంటె సులువైనదియు, నేడే చేయదగినదియు ఒకటి కలదు. తినదగిన ఏ పదార్థమును కవరులో ముడి కట్టి బయట పారవేయరాదు. విప్పి, పదార్థమును పశువుల తొట్టిలోనో ఎరువు గుంటలోనో వేసి, కవరును వేరుగ ఉంచవలయును. ఇందుకు పైకము అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. గృహిణులు, పిల్లలు ఈ ఒక్క నియమమును పాటించినచో అనేక పశువుల ప్రాణములు నిలుచును.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ అంశములను చర్చకు పెట్టి, కనీసము దుకాణపు సంచుల విషయమున తీర్మానము చేయవలసినదిగ పాలకవర్గముల వారిని ప్రార్థించుచున్నాము. తీర్మానము వ్రాసి కట్టిపెట్టినచో ఫలము లేదు. ఆరుమాసములు గడచిన పిదప ఎన్ని సంచులు ఇచ్చితిమి, ఎన్ని తిరిగి వచ్చినవి, ఎన్ని కిలోల ప్లాస్టిక్కు అమ్మితిమి అను లెక్కను సభ్యుల యెదుట చదువవలయును. అప్పులకు, ఎరువులకు లెక్క చూచుకొను సంఘము, తన పశువుల కడుపులోనికి పోవుచున్న దానికిని లెక్క చూచుకొనుట న్యాయమే.